పెట్టెలో దొరికిన నొక్కుల ఇనుప పట్టీ

ప్రశ్న: మా తాతగారి వడ్రంగి పెట్టెలో జానెడు ఇనుప పట్టీ దొరికింది. ఒక చివర పిడిలా సన్నబడింది. రెండో చివర అంచుల్లో అయిదు సన్నటి నొక్కులున్నాయి, ఒక్కోటి ఒక్కో వెడల్పు. తీగ మందం కొలిచే గేజీ అని ఒకరు, మేకులు పీకేదని ఒకరు అంటున్నారు. ఏమిటది? ఇప్పుడు పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, ఉదయగిరి

జవాబు: రంపం పళ్లను ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంచే పనిముట్టు అది. తీగ గేజీకి పిడి ఉండదు. ప్రతి నొక్కు పక్కనా నంబరు, నొక్కు అడుగున గుండ్రటి రంధ్రం ఉంటాయి. మేకులు పీకేదానికి చీలిక ఒకటే, అది లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది. మీదాంట్లో నొక్కులు వేరువేరు రంపాల రేకు మందాలకు సరిపోయేలా కోసినవి. మామూలు చేతి రంపం రేకు 1 మి.మీ. లోపే ఉంటుంది.

పళ్లకు వంపు లేకపోతే కోత వెడల్పు రేకు మందమే అవుతుంది. రెండు వైపులా చెక్క పట్టేసి రంపం కదలదు.

నిక్షేపంగా వాడుకోవచ్చు. రంపాన్ని పళ్లు పైకి వచ్చేలా రెండు చెక్కల మధ్య బిగించండి. పళ్ల కింద రేకు ఎంత తక్కువ బయట ఉంటే అంత మంచిది, లేకపోతే అదురుతుంది. చదును ఆకురాయిని పళ్ల కొనల మీదుగా తేలిగ్గా లాగండి; ప్రతి కొన మీదా చిన్న మెరుపు మచ్చ తేలితే ఎత్తు సమమైనట్టు. ఇక రేకు మీద కాస్త వదులుగా కూర్చునే నొక్కును ఎంచుకుని, పన్ను పై సగానికే తగిలించి పిడిని మెల్లగా నొక్కండి. పన్ను విడిచి పన్ను చివరిదాకా వంచి, మిగిలినవాటిని రెండో వైపుకు వంచాలి. ఆపైన మూడు పలకల ఆకురాయితో మెరుపు మచ్చ పోయేదాకా, అంతవరకే, సాన పట్టండి.

ఎక్కువమంది చెడగొట్టేది ఈ వంపు దగ్గరే. మొదలంటా వంచితే పన్ను విరుగుతుంది. పాత వంపు ఎటుందో రంపం చివర నుంచి పళ్ల వరస వెంట చూసి, ఆ వైపుకే వంచండి. ఎదురు వంచినా విరిగేదే. పచ్చి తుమ్మ, వేప కోసేటప్పుడు పీచు లేచి పట్టేస్తుంది కాబట్టి కోత రేకు మందానికి ఒకటిన్నర రెట్ల దాకా ఉండొచ్చు. ఎండిన టేకుకు, మీ ఊరి చెక్క గరిటెల్లాంటి సన్నపనికి అందులో సగం వంపు చాలు. కోత ఒక పక్కకు లాగుతుంటే ఆ పక్క పళ్లు ఎక్కువ వంగాయన్నమాట. ఆ వైపు నూనెరాయితో ఒక్కసారి తేలిగ్గా రుద్దండి.

పళ్ల కొనలు నీలంగా, నల్లగా కనిపించే కొత్త రంపాలకు మాత్రం దీన్ని తగిలించకండి. ఆ కొనల ఇనుమును బాగా గట్టిపరిచి ఉంటారు, వంచబోతే పెళుసుగా రాలిపోతాయి. పట్టీకి పట్టిన తుప్పును కిరోసిన్‌లో నానబెట్టి గుడ్డతో తుడవండి. గరుకు కాగితంతో నొక్కుల లోపల రుద్దితే వెడల్పు పెరిగి పన్ను మీద నిలవదు.