పార్క్ బో గమ్ సరే, అమ్మాయి సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 53. మాకు ఒక్కతే కూతురు. కరోనా రోజుల్లో ఇంటి నుంచి పని చేస్తూ నాకు కొరియన్ సీరియళ్ళు అలవాటు చేసింది. మొదట చూసింది ‘రిప్లై 1988’. అందులో బాదుక్ అనే నల్ల, తెల్ల రాళ్ళ బల్ల ఆట ఆడే టేక్‌గా వేసిన పార్క్ బో గమ్ అంటే ఇద్దరికీ ప్రాణం. మొన్న ఫాల్గుణంలో అమ్మాయి పెళ్ళి చేశాము. హైదరాబాదులో అత్తమామలతో ఉంటూ ఉద్యోగం చేసుకుంటోంది. అల్లుడు మంచివాడే. ఆషాఢానికి వచ్చి, నెల పూర్తయ్యాక ఇంకో పది రోజులు ఉంటానంది. వియ్యపురాలు ఏమనుకుంటారో అని నచ్చజెప్పి బస్సెక్కించాను. ఇప్పుడు ఆఫీసులో తీరిక లేదట, వారానికి ఒకసారి ఫోన్ చేస్తుంది. నా బాధ వేరు. ఒక్కదాన్నే కూర్చుని ‘రిప్లై’ మూడోసారి చూస్తున్నాను. మా వారు ‘ఈ వయసులో ఆ కుర్రవాడి పిచ్చేమిటి’ అని నలుగురిలో నవ్వుతారు. ఇలా చూడడం తప్పా? ఆ అబ్బాయివి ఇంకా ఏవి చూడాలో, ఏ వరుసలో చూడాలో చెప్పండి. ఈసారి అమ్మాయి కన్నా ముందే చూసి దానికి చెప్పాలని ఉంది.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: తప్పు కాదు. రాత్రి వంటిల్లు సర్ది, పాలు తోడుపెట్టి, గ్యాసు కట్టేసిన తరువాత ఒక మనిషి తనకు ఇష్టమైనది గంటసేపు చూసుకుంటే ఎవరి సొమ్మూ పోదు. సినిమా హీరోల పుట్టినరోజులకు ఫ్లెక్సీలు కట్టి పాలాభిషేకాలు చేసే మగవాళ్ళను చూసి మనం ఎన్నడైనా నలుగురిలో నవ్వామా? మీ వారు మళ్ళీ అంటే లేచి లోపలికి వెళ్ళకండి, టీవీ శబ్దం కాస్త పెంచండి. ఆ విషయం అక్కడితో సరి.

వరుస అడిగారు, అదీ చెప్పేస్తాను. ముందు ‘లవ్ ఇన్ ద మూన్‌లైట్’, 2016లో వచ్చింది, 18 భాగాలు. జోసియన్ రాజుల కాలం. బో గమ్ యువరాజు, మగవేషంలో అంతఃపుర సేవకుడిగా చేరిన పిల్ల కిమ్ యూ జంగ్. హాయిగా సాగిపోతుంది. తరువాత ‘రికార్డ్ ఆఫ్ యూత్’. నటుడు కావాలనుకునే కుర్రవాడు, వాడి మీద నమ్మకం లేని తండ్రి, నమ్మకమున్న తాత. ఆ తాత ముసలితనంలో మోడలింగ్ మొదలుపెడతాడు కాబట్టి వయసు గురించి మాట్లాడే మీ వారిని పక్కన కూర్చోబెట్టి మరీ చూపించండి. 2020లో అది ప్రసారమయ్యే నాటికే బో గమ్ నౌకాదళంలో చేరిపోయాడు, అక్కడ మగపిల్లలకు సైనిక సేవ తప్పదు. ‘ఎన్‌కౌంటర్’ 2018 చివర్లో మొదలైంది. క్యూబాలో పుట్టిన ప్రేమకథ, కంటికి అందంగా ఉంటుంది, నడక మాత్రం నత్తనడక. విడాకులైన కోడలిని కూడా తన పుట్టినరోజుకు రప్పించుకునే అత్తగారు ఉందందులో. ఆవిడ ముందు మన టీవీ అత్తలు చిన్నబోతారు. 2025 నాటి ‘గుడ్ బాయ్’లో పతకం తెచ్చిన బాక్సర్ పోలీసు అవుతాడు. కొట్లాటలు ఎక్కువ, చివరికి ఉంచుకోండి. ఇంకొకటి ఉంది, దాన్ని కావాలనే పక్కన పెట్టాను.

ఇక మీ ఉత్తరం. నాలుగు నెలల కిందటి సంగతిని ఒక్క వాక్యంలో దాటేశారు. ‘నచ్చజెప్పి బస్సెక్కించాను.’ ఆ వెంటనే అమ్మాయికి ఆఫీసులో తీరిక లేకుండా పోయింది. ఆ రెండు వాక్యాల నడుమ ఏమీ జరగనట్టే రాశారు. నాకు మాత్రం అక్కడ మీ అమ్మాయి కనిపిస్తోంది, బస్సు కిటికీ పక్కన, సారె సంచి ఒళ్ళో పెట్టుకుని.

నెలంతా ఉండి కూడా ఇంకో పది రోజులు అడిగిందంటే ఏదో ఉంది. అది పెద్ద కష్టమే కానక్కరలేదు. ఎంత మంచివాళ్ళ మధ్యకు వెళ్ళినా, కొత్త కోడలికి ఒక అలసట ఉంటుంది. పొద్దున ఎన్నింటికి లేవాలి, కూరలో కారం ఎంత వేయాలి, ఎంత గట్టిగా నవ్వాలి, అన్నీ లెక్కే. ఆ లెక్కలు లేని చోట ఇంకో పది రోజులు ఒళ్ళెరగకుండా నిద్రపోదామనుకుందేమో. లేక నిజంగానే చెప్పలేని మాట ఏదో గొంతు దాకా తెచ్చుకుందేమో. ఏది నిజమో నాకు తెలియదు. మీకూ తెలియదు, ఎందుకంటే ‘ఏమ్మా, ఎందుకు?’ అని మీరు అడగలేదు. వియ్యపురాలు ఏమనుకుంటుందో ఆలోచించారు. అమ్మకు నాకన్నా ఆవిడ మాటే ఎక్కువ అని ఆ పిల్లకు అర్థమైంది.

అయినా ఆవిడ ఏమనుకుంటుందమ్మా? మొదటి ఏడు మంగళగౌరి నోము పుట్టింట్లోనే కదా పట్టిస్తారు! శ్రావణ మంగళవారాలు ఎదురుగా ఉన్నాయి, పిల్ల తనంతట తాను ఉంటానంటోంది, ఆ సాకు కూడా మీకు తోచలేదా? ‘వదినగారూ, నోము పట్టించి పంపుతాము’ అని ఒక్క ఫోన్ చేస్తే కాదనేవారా? అవసరం పడినప్పుడు ఆచారాన్ని తమ వైపు తిప్పుకోవడం మన అమ్మమ్మలకు బాగా తెలుసు. చదువుకున్న మనకే ఆ తెలివి లేకుండా పోయింది.

నేను పెళ్ళైన తొలి ఏడాది ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా పుట్టింటికి వెళ్ళాను. అమ్మ గుమ్మంలోనే ‘ఒక్కదానివే వచ్చావేం?’ అంది. మంచినీళ్ళు ఆ తరువాతే. సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్ళిపోయాను. ఆ తరువాత నా రెండు పురుళ్ళూ ఆవిడే పోసింది, నా పిల్లలను తన పిల్లల్లాగే సాకింది, పోయి పదకొండేళ్ళైంది. అయినా ఆవిడను తలుచుకుంటే ఒక్కోసారి ముందుగా ఆ గుమ్మమే గుర్తుకొస్తుంది. అందుకని ఈ జవాబులో మీకు చెందని కోపం కూడా కొంత కలిసి ఉండవచ్చు. మీ వాటా తీసుకుని మిగిలింది వదిలేయండి.

‘ఆడపిల్ల అంటే ఆడ పిల్లే గాని ఈడ పిల్ల కాదు’ అని మనవాళ్ళు అంటారు. పెళ్ళైన కూతురు పరాయి మనిషి అనే మాట కొరియాలోనూ ఉంది. నేను పక్కన పెట్టానన్న సీరియల్, ‘వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్’, ఆ మాటను ఒప్పుకోని ఇంటి కథ. 2025 మార్చిలో వారానికి నాలుగు చొప్పున 16 భాగాలు వచ్చాయి. జెజు దీవిలో ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి పొట్టపోసుకునే ఒక తల్లి, కవయిత్రి కావాలనుకున్న ఆమె కూతురు ఏ సున్, ఆమె కూతురు గమ్ మ్యాంగ్. పడుచు ఏ సున్ పాత్రనూ, కూతురి పాత్రనూ ఐయూ ఒక్కతే వేసింది. ఏ సున్ భర్త గ్వాన్ సిక్‌గా బో గమ్. వయసు మళ్ళాక ఆ పాత్ర పార్క్ హే జూన్ చేతికి వెళుతుంది, కేవలం మీ కుర్రవాడి కోసం కూర్చుంటే సగంలో దిగులుపడతారు.

అందులో ఒక భోజనాల ఘట్టం ఉంది. మగవాళ్ళకు ఒక బల్ల, ఆడవాళ్ళకు వేరే బల్ల. గ్వాన్ సిక్ పెద్దల బల్లకు వీపు పెట్టి, వెనక్కి తిరిగి, భార్యాబిడ్డల వైపు కూర్చుని తింటాడు. ఎవరేమనుకుంటారో అతనికీ తెలుసు. తెలిసే తిరుగుతాడు. ఆ తండ్రి కూతురికి ఒకటే మాట చెబుతూ ఉంటాడు, నచ్చకపోతే వెనక్కి వచ్చేయ్, నాన్న ఇక్కడే ఉంటాడు అని. పెళ్ళినాడు చేయి పట్టి నడిపించేటప్పుడు కూడా అదే మాట. మనం అప్పగింతలప్పుడు ఏం చెబుతాము? సర్దుకుపోమని. ఈ సీరియల్ కొరియన్ పేరుకు జెజు యాసలో ‘చాలా కష్టపడ్డావు’ అని అర్థం. మీ అమ్మాయికి ఈ ఎనిమిది నెలల్లో ఆ మాట ఎవరైనా అన్నారా?

‘రిప్లై’ మూడోసారి చూస్తున్నానన్నారు కదా. మొదటి భాగంలో డోక్ సన్ పుట్టినరోజు గుర్తుంది కదూ? ప్రతి ఏడూ అక్క కేకు మీదే తన పుట్టినరోజు కూడా కానిచ్చేస్తున్నారని ఆ పిల్ల బావురుమంటుంది. రాత్రి తండ్రి విడిగా ఒక కేకు తెచ్చి సందులో నిలబడి, నేను పుట్టుకతో నాన్నను కాదు కదమ్మా, నాన్నగా ఉండడం నాకూ ఇదే మొదటిసారి అని చెప్పుకుంటాడు. అక్కడ మూడుసార్లూ ఏడ్చి ఉంటారు, డోక్ సన్ తరఫునే ఏడ్చి ఉంటారు. ఈసారి ఆ తండ్రి తరఫున చూడండి. కూతురి ముందు తప్పు ఒప్పుకుంటే ఆయన పెద్దరికం ఏమైనా తగ్గిందా? చివర్లో పెద్ద కూతురు బోరా పెళ్ళి కూడా అంతే. (మన సగోత్రం గొడవ లాంటిది దాటి జరిగిన పెళ్ళి అది.) ఆమె కొనిచ్చిన బూట్లు తండ్రికి పెద్దవైతే లోపల కాగితాలు కుక్కుకుని వేసుకుంటాడు. ఎదురుగా మాట్లాడుకోలేని ఆ ఇద్దరూ చివరికి ఉత్తరాలు రాసుకుంటారు. మీరు ఉత్తరం రాశారు, కానీ నాకు రాశారు.

‘అమ్మాయి కన్నా ముందే చూసి దానికి చెప్పాలని ఉంది.’ మీ ఉత్తరంలో అసలు కోరిక ఇదొక్కటే. మాట కలపడానికి దారి వెతుక్కుంటున్నారు, పాపం ఆ పార్క్ బో గమ్‌ను రాయబారానికి పంపుతున్నారు. వద్దు. సీరియల్ కబుర్లతో ఆ పది రోజుల మీద దుప్పటి కప్పితే అది అలాగే కింద ఉంటుంది. మెసేజ్ పెట్టకండి, బొమ్మలు పంపకండి. ఆఫీసు నుంచి ఇంటికి వెళ్ళే దారిలో, పక్కన ఎవరూ లేని వేళ చూసి ఫోన్ చేయండి. ‘ఆషాఢంలో నువ్వు ఉంటానంటే పంపేశాను. ఎందుకని అడగాల్సింది, అడగలేదు. నాది తప్పు.’ ఇంతే చెప్పండి. దాని వెనక ‘కానీ’ అని మొదలుపెట్టకండి, వియ్యపురాలి పేరు ఎత్తకండి. అటువైపు నుంచి మాట రాకపోతే మీరు కూడా మాట్లాడకుండా ఉండండి, అది మీకు కష్టమని తెలుసు. ‘అదేం లేదులే అమ్మా’ అని కొట్టిపారేస్తే గుచ్చి గుచ్చి అడగవద్దు. ఆ వారంలోనే సున్నుండలు చేసి, అవి ఇవ్వడానికని మీరే హైదరాబాదు వెళ్ళండి. అల్లుడు మంచివాడే అన్నారు, అది మీ మాట. అమ్మాయి నోట కూడా ఒకసారి వినండి.

ఉత్త బెంగే అని తేలితే సంతోషం. అలా కాక మాట పడుతోందనో, చేయి చేసుకుంటున్నారనో బయటపెడితే, సర్దుకుపో అనే పెద్దమనుషులను పిలవకండి. సంచి సర్దించి వెంట తెచ్చుకోండి, తక్కినవన్నీ ఇంటికి వచ్చాక ఆలోచించవచ్చు. అవసరమైతే మహిళల సహాయానికి 181 నంబరు ఉంది. ‘కూతురు తిరిగి వచ్చేసింది’ అని ఊళ్ళో అనుకుంటారన్న భయం మీకు ఉంటుంది. ఉండనివ్వండి, ఆ భయాన్ని మోయాల్సింది మీరు, ఆ పిల్ల కాదు.

కొత్త అల్లుడి సంక్రాంతి ఎలాగూ ఉంది కదా, అప్పుడు మాట్లాడదాంలే అని మాత్రం ఆగకండి. పండుగ ఇంట్లో చుట్టాలూ పిండివంటలూ తప్ప మాటలకు చోటుండదు. మాట ఇప్పుడే అయిపోవాలి. పండుగకు మాత్రం అమ్మాయిని వారం ముందే పంపమని వియ్యపురాలికి ఫోన్ చేసి మీరే అడగండి. ‘టాంజరిన్స్’ అప్పటిదాకా ముట్టుకోకండి. అల్లుడు వచ్చాక ఆయనను మీ వారికి అప్పజెప్పి, తల్లీకూతుళ్ళు ఒక దుప్పటిలో దూరి మొదటి నాలుగు భాగాలు చూడండి. కనుమ వెళ్ళాక మిగిలిన పన్నెండింటికీ ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు ఉండమనండి.