ప్లవన సూత్రం చెప్పే మాస్టారికి ఈత రాదు

బడి అయ్యాక హైస్కూల్ టీచర్లు ఏం చేస్తారు, వాళ్లకు హాబీలు ఉంటాయా, స్టాఫ్ రూములో పిల్లల గురించి నిజంగా ఏమనుకుంటారు అని అడిగారు. మాది నెల్లూరు వైపు. చెన్నైలో తొమ్మిది, పది తరగతులకు సైన్సు చెప్పబట్టి పంతొమ్మిదేళ్లయింది, కాబట్టి అందరి తరఫున కాకపోయినా మా స్టాఫ్ రూము తరఫున చెప్పగలను.

జనవరి నుంచి పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా మా అందరి హాబీ ఒకటే, పేపర్లు దిద్దడం. మిగతా రోజుల్లో మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో పిచ్చి. తమిళం టీచరు మేడ మీద కూరగాయలు పెంచుతారు, వంకాయలు బాగా కాసిన వారం మా అందరి ఇళ్లలోనూ వంకాయ కూరే. లెక్కల మేడం మార్గళి మాసం, అంటే మన ధనుర్మాసం వస్తే సంగీత కచేరీలు వదలరు, పాట కోసమా కచేరీ జరిగే సభ క్యాంటీన్లో టిఫిన్ కోసమా అంటే మాత్రం కోపం వస్తుంది. సోషల్ మాస్టారు పాత నాణేలు పోగేస్తారు. ఆగస్టు 22, మద్రాసు డే దగ్గరపడితే ఆయన్ని పట్టలేం. 1639లో ఇక్కడ ఈస్టిండియా కంపెనీ వాళ్లకు స్థలం ఇచ్చింది తెలుగు నాయకులైన దామెర్ల వారు, చెన్నపట్నం అనే పేరు వాళ్ల నాన్న చెన్నప్ప నాయకుడిది అని ప్రతి సెక్షన్లోనూ చెప్పి, తెలుగు పిల్లల వైపు ఒక చూపు చూసి మరీ ముందుకు వెళ్తారు.

నాది ఈత. అంటే నాకు ఈత వచ్చని కాదు, నేర్చుకుంటున్నాను, నలభై ఆరేళ్ల వయసులో, అది కూడా మోకాళ్లు అరిగాయి నడక తగ్గించి నీళ్లలో దిగమని డాక్టరు చెప్పాడు కాబట్టి. పొద్దున ఆరు గంటల బ్యాచ్. నాతో పాటు నేర్చుకునేవాళ్లలో సగం మంది ఏడెనిమిదేళ్ల పిల్లలు, కోచ్ మా దగ్గర పది పాసై వెళ్లిన కుర్రాళ్ల ఈడువాడు.

ఇందులో సిగ్గు పడాల్సిన సంగతి ఏంటంటే, ఆర్కిమెడిస్ సూత్రం, ప్లవన నియమాలు, అంటే వస్తువులు నీళ్లలో ఎలా తేలతాయనే పాఠం, తొమ్మిదో తరగతికి ఏటా చెప్పేది నేనే. బోర్డు మీద చెక్క దిమ్మ గీసి, కిందికి బరువుకు ఒక బాణం, పైకి నీళ్ల తోపుడుకు ఒక బాణం వేసి, రెండూ సమానమైతే తేలుతుంది అని పంతొమ్మిదిసార్లు చెప్పాను. ఆ చెక్క దిమ్మ స్థానంలో నేనుంటే మాత్రం గోడ అంచు పట్టుకుని వేలాడుతున్నాను. మొదటి వారమంతా ఇదే. మూడున్నర అడుగుల లోతు, నిలబడితే నీళ్లు నడుము దాటి కొంచెం పైకి వస్తాయంతే, అయినా కాళ్లు నేల వదలగానే గుండె గొంతులోకి వచ్చేది.

కోచ్ మంచివాడే. 'తల నీళ్లలో పెట్టండి సార్, ఊపిరి లోపల వదలండి, ఒళ్లు వదులు చేయండి, పురియుదా?' అని అడిగేవాడు, తమిళంలో అర్థమైందా అని. నేను 'పురియుదు' అనేవాణ్ణి. నాకేమీ పురియలేదు. ఒళ్లు వదులు చేయడం అంటే ఏ కండరాన్ని ఏం చేయాలో తెలియలేదు, తల పెడితే ముక్కులోకి నీళ్లు ఎందుకు వస్తున్నాయో తెలియలేదు. అయినా పురియుదు అన్నాను. ఎందుకన్నానంటే, నా వెనక నలుగురు పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు, పక్కన వాళ్ల అమ్మలు బెంచీల మీద కూర్చుని చూస్తున్నారు, కోచ్ అప్పటికే మూడుసార్లు చెప్పాడు, నాలుగోసారి అడిగితే నా ఒక్కడి వల్ల బ్యాచ్ ఆగిపోతుంది. పైగా నాకు ఏది అర్థం కాలేదో చెప్పడానికి కూడా కొంచెం అర్థమై ఉండాలి కదా.

నీళ్లలో గోడ పట్టుకుని ఉండగానే నాకు నైన్త్ బి గుర్తొచ్చింది. 'అర్థమైందా?' అని నేను రోజుకు ఎన్నిసార్లు అంటానో లెక్కలేదు, యస్సార్ అని నలభై గొంతులు ఒక్కసారి లేస్తాయి, నేను డస్టర్ తీసుకుని బోర్డు తుడిచేస్తాను. తర్వాత టెస్టులో తప్పు రాస్తే, అప్పుడు తల ఊపావుగా అని నిలబెట్టి అడుగుతాను. అబద్ధం చెప్పాడని కోపం. మరి నేను ఈ కోచ్ కుర్రాడికి చెప్పిందేంటి?

ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేసుకున్నాను, మాకు అదొక్కటే చేతనవుతుంది. నా బరువు 78 కిలోలు. ఊపిరి నిండా పీల్చుకుంటే మనిషి సాంద్రత నీటి కంటే కాస్త తక్కువ, నీటిది 1 అనుకుంటే దాదాపు 0.98. అంటే నీళ్ల పైన తేలే భాగం నూటికి రెండు వంతులే. తల ఒక్కటే నాలుగున్నర, ఐదు కిలోలు ఉంటుంది, నూటికి ఆరు వంతులు. భయంతో తల మొత్తం బయట పెట్టాలని చూస్తే లెక్క కుదరదు, మునగాల్సిందే. ఇక కాళ్లెందుకు దిగిపోతాయంటే గాలి ఉండేది ఛాతీలో కాబట్టి నీళ్లు పైకి తోసేది అక్కడ, బరువు కిందికి లాగేది బొడ్డు దగ్గర, రెండూ ఒకే చోట లేవు. ఇన్నేళ్లూ పాఠం చెప్పి ఇది ఒక్కసారీ మనిషికి వేసి చూడలేదు నేను. లెక్క తేలింది కదా అని మర్నాడు తేలిపోయానా అంటే లేదు, భయానికి లెక్కలు రావు. కానీ తల దించడానికి ఒక కారణం దొరికింది.

మూడో వారంలో మా బి సెక్షన్ కుర్రాడు ఒకడు అదే పూల్‌లో కనిపించాడు. చివరి బెంచీ, పోయిన టెస్టులో యాభైకి పదకొండు. చేపలా ఈదుతున్నాడు. కథల్లోలా వాడు నాకు ఈత నేర్పించాడని అనుకోకండి. నేను కిక్ బోర్డు, అదే ఈత నేర్చుకునేవాళ్లు పట్టుకునే తేలే పలక, కావలించుకుని ఉండగా చూసి, గుడ్ మార్నింగ్ సార్ అని అటువైపు వెళ్లిపోయాడు. పెద్దమనిషి అనుకున్నాను. రెండో పీరియడ్‌కి క్లాసులోకి వెళ్లేసరికి బోర్డు మీద ట్యూబు వేసుకుని కళ్లజోడుతో తేలుతున్న నేను ఉన్నాను. పొట్ట బాగా వేశాడు. క్లాసు ఊపిరి బిగబట్టుకుని చూస్తోంది. బలాల బాణాలు ఏవిరా, పైకి ఏది, కిందికి ఏది, వచ్చి వెయ్యి అన్నాను. వాడు వచ్చి రెండూ సరిగ్గానే వేశాడు. అదే బొమ్మ మీద ఆ 78 కిలోల లెక్క చెప్పాను, ఆ పీరియడ్‌లో ఎవరూ గడియారం చూడలేదు.

ఇక పిల్లల గురించి ఏమనుకుంటాం అనేదానికి వస్తే, అల్లరి చేసేవాళ్ల మీద మాకు పగ ఉంటుందని మీరనుకుంటారు, ఉండదు, పదేళ్ల తర్వాత స్టాఫ్ రూములో నవ్వుకుంటూ చెప్పుకునేది వాళ్ల సంగతులే. ఫస్ట్ ర్యాంకు వాళ్లూ గుర్తుంటారు. మేం మర్చిపోయేది మధ్య బెంచీల్లో యాభై, అరవై మార్కులతో నెమ్మదిగా ఉండేవాళ్లని, అది మా తప్పే. అందరూ నచ్చుతారని అబద్ధం చెప్పను. మా ముందు చేతులు కట్టుకుని నిలబడి, గది ఊడ్చే ఆయమ్మను ఏమే అనే పిల్లలు నాకు నచ్చరు, మార్కులు ఎన్నొచ్చినా సరే.

పేరెంట్స్ మీటింగులో 'తెలివైనవాడే కానీ శ్రద్ధ లేదు' అంటాం చూడండి, అది సగం మందికి మేం అలవాటుగా అనే మాట, దాన్ని మనసుకు పట్టించుకోకండి. మొన్న కోచ్ నా గురించి ఇంకో కోచ్‌తో 'సార్ తెలివైనవారే, భయమే ఎక్కువ' అంటుంటే విన్నాను, ఆ సాయంత్రం రిపోర్టు కార్డులు రాయడానికి మామూలు కంటే గంట ఎక్కువ పట్టింది.

'అర్థమైందా' అనడం పూర్తిగా మానలేదు, నోటికి అలవాటైపోయింది. అన్న తర్వాత నాలుక కరుచుకుని, ఎక్కడ ఆగిపోయారో నోట్సులో ఒక గీత గీయండి అంటున్నాను, పక్కవాడికి కనబడకుండా. గీతలన్నీ దాదాపు ఒకే లైను దగ్గర పడతాయి, ఎక్కువసార్లు అది నేను తొందరలో దాటేసిన లైనే.

ఈత విషయానికొస్తే, ఇరవై అయిదు మీటర్లు మధ్యలో రెండుసార్లు ఆగి దాటుతున్నాను. పక్కకు తిరిగి ఊపిరి తీసుకోవడం ఇంకా రాలేదు. ఆ కుర్రాడు మాత్రం అటువైపు నుంచి చూస్తూనే ఉంటాడు, బోర్డు మీద తర్వాతి బొమ్మ ఎప్పుడొస్తుందో తెలీదు.