బొల్లికి సర్జరీ: ముందు నడుము మీద లంగా బొందు గీత చూడండి

మీ చెల్లెలికి 23 ఏళ్లని, ఏడాదిన్నరగా బొల్లి మచ్చలు పెరగడం లేదని, డాక్టర్ సర్జరీ చేయించుకోవచ్చన్నారని రాశారు. పంచ్ గ్రాఫ్టింగ్ మంచిదా, మెలనోసైట్ ట్రాన్స్‌ప్లాంట్ (రంగు కణాల మార్పిడి) మంచిదా, మాఘమాసంలో పెళ్లి అనుకుంటున్నాం కాబట్టి ఆలోపు రంగు వస్తుందా అని అడిగారు. నేను రెండూ చేయించుకున్నాను. మొదటిది పాడైంది, రెండోది చాలావరకు బాగా వచ్చింది. మొదటిది పాడవడానికి కారణం ఆ పద్ధతి కాదు, తొందర. అందుకే ముందు అదే చెప్తాను.

నాకు 19వ ఏట మొదలైంది. ఎడమ దవడ కింద ఒక మచ్చ, కుడికాలి పిక్క ముందు భాగంలో ఒకటి, చీలమండ ఎముక మీద ఒకటి. 26 ఏళ్లకు ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. మా ఊరి క్లినిక్‌లో డాక్టర్ "పెరుగుతున్నాయా?" అని అడిగారు. లేదన్నాను, అది నిజమే. అంతటితో పిక్క మీద పంచ్ గ్రాఫ్టింగ్ చేశారు. తొడ నుంచి మిల్లీమీటరున్నర వెడల్పున్న చిన్న చిన్న ముక్కలు తీసి, మచ్చలో అంతే సైజు గుంటలు చేసి వాటిలో పెట్టారు. మొత్తం 24 ముక్కలు. మొదటి రెండు నెలలు ముక్కల చుట్టూ రంగు పాకుతుంటే అమ్మ రోజూ సాయంత్రం కాలు చూసి దణ్ణం పెట్టుకునేది. మూడో నెలలో ముక్కలే తెల్లబడటం మొదలైంది. అంతకంటే బాధపెట్టింది ఏమిటంటే, తొడ మీద ముక్కలు తీసిన చోట కూడా 24 తెల్ల చుక్కలు వరుసగా వచ్చాయి. అప్పటిదాకా నా తొడ మీద ఒక్క మచ్చ కూడా లేదు.

ఎందుకలా జరిగిందో రెండేళ్ల తర్వాత హైదరాబాద్‌లో మరో డాక్టర్ దగ్గర తెలిసింది. ఆవిడ గదిలో లైట్లు తీసేసి వుడ్స్ ల్యాంప్ వేసి ఒళ్లంతా చూశారు. ఆ నీలం వెలుగులో తెల్లమచ్చ సున్నం పూసినట్టు మెరుస్తుంది, మామూలు కంటికి కనపడనివి కూడా బయటపడతాయి. నడుము దగ్గర లంగా బొందు కట్టుకునే చోట, దారంలా సన్నటి తెల్ల గీత ఉంది. "ఇది ఎప్పుడు వచ్చింది?" అన్నారు. నాకు తెలియదు. చీర కింద ఉండేది, ఎవరు చూస్తారు?

చర్మం ఒరుసుకున్న చోట, గీసుకున్న చోట, కాలిన చోట కొత్తగా తెల్లబడితే జబ్బు లోపల ఇంకా నడుస్తోందని అర్థం. డాక్టర్లు దీన్ని కోబ్నర్ అంటారు. ఆ స్థితిలో సర్జరీ చేస్తే కత్తి గాయం కూడా ఒక గాయమే కదా, కొత్త ముక్కా తెల్లబడుతుంది, తీసిన చోటూ తెల్లబడుతుంది. నాకు జరిగింది అదే. నా పాత మచ్చలు పెరగకపోవడం నిజమే, కానీ జబ్బు ఆగలేదు.

కాబట్టి మీ చెల్లాయిని ముందు చూసుకోమనండి. లంగా లేదా చుడీదార్ బొందు చోట, లోదుస్తుల పట్టీలు ఒరుసుకునే చోట, చెప్పుల పట్టీ కింద, మోచేతుల మీద, ఏడాదిలో దెబ్బ తగిలి మానిన చోట కొత్త తెలుపు ఉందా అని. ఉన్న మచ్చ అంచు గీసినట్టు స్పష్టంగా ఉందా, లేక మసకగా ఉండి చుట్టూ ముగ్గు చల్లినట్టు చిన్న చుక్కలున్నాయా అని. మసక అంచులు, చుక్కలు ఉంటే జబ్బు కదులుతోందని అనుమానించాలి. కొత్త మచ్చ లేకుండా, పాతది పెరగకుండా, దెబ్బ చోట తెల్లబడకుండా కనీసం ఏడాది గడవాలని మన దేశంలో చర్మ వైద్యులు పాటించే నియమం. ఫోన్‌లో పాత ఫోటోలు ఉంటే పక్కపక్కన పెట్టి చూడండి, మన జ్ఞాపకాన్ని నమ్మకండి. ఇంకా సందేహం ఉంటే ముందు ఒక చిన్న చోట రెండు మూడు ముక్కలు పెట్టి, రెండు మూడు నెలలు ఆగి చూసే టెస్ట్ గ్రాఫ్ట్ అడగండి. నాకు అది ముందే చేసి ఉంటే 24 చుక్కలకు బదులు మూడే ఉండేవి.

నన్ను ఆ డాక్టర్ వెంటనే టేబుల్ ఎక్కించలేదు. వారానికి రెండు రోజులు స్టెరాయిడ్ మాత్రలు కొన్ని నెలలు, వారానికి రెండుసార్లు నారోబ్యాండ్ లైట్, అంటే చర్మం మీద అతినీలలోహిత కాంతి పెట్టే చికిత్స. థైరాయిడ్ టెస్ట్ కూడా చేయించారు, బొల్లి ఉన్నవాళ్లలో ఆ సమస్య ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి. నడుము గీతలో లైట్‌తోనే రంగు తిరిగొచ్చింది. దవడ మచ్చ మాత్రం కదల్లేదు. దాని మీద నూగు వెంట్రుకలు కూడా తెల్లబడ్డాయి, వెంట్రుక కుదుళ్లలో రంగు కణాలు మిగల్లేదు కాబట్టి క్రీములకు, లైట్‌కు రాదు, సర్జరీయే దారి అన్నారు. ఏడాదికి పైగా ఏ కొత్త గుర్తూ లేదని చూసుకున్నాక దవడకీ చీలమండకీ కణాల మార్పిడి చేశారు.

మెలుకువగానే ఉంటాం. తొడ మీద మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఉల్లిపొర అంత పల్చగా చర్మం తీస్తారు. మచ్చ ఎంత పెద్దదో అందులో పదో వంతు నుంచి ఐదో వంతు తీస్తే సరిపోతుంది, ఈ పద్ధతి గొప్పతనం అదే. ఆ పొరను ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌లో వెచ్చగా ఉంచి కణాలు విడదీస్తారు. నేను గంటసేపు టేబుల్ మీదే పడుకుని ఎదురుచూశాను. తర్వాత మచ్చ పైపొరను చిన్న మెషిన్‌తో అరగదీస్తారు. నొప్పి లేదు కానీ పళ్ల డాక్టర్ దగ్గర వినపడే ఆ గుయ్యిమనే చప్పుడు దవడ ఎముకలోంచి వినిపిస్తుంటే కళ్లు గట్టిగా మూసుకున్నాను. సన్నగా రక్తపు చుక్కలు కనిపించాక కణాలు కలిసిన ద్రవం వేసి, పైన కొల్లాజెన్ షీట్, కట్టు.

అసలు కష్టం ఆ తర్వాతి వారం. కట్టు కింద చర్మం కదిలితే కణాలు జారిపోతాయి. నమలకూడదు, నవ్వకూడదు, మాట్లాడకూడదు. రాగిజావ, మజ్జిగ, పల్చటి గంజి. మా అమ్మాయి పలక తెచ్చి నా ముందు పెట్టింది, ఏం కావాలన్నా దాని మీదే రాసేదాన్ని. ఎనిమిదో రోజు కట్టు విప్పితే చర్మం లేత గులాబీ రంగులో ఉంది. అద్దంలో చూసి పోయిందనుకున్నాను. అయిదో వారం దాటాక టీ మరకల్లాంటి చుక్కలు కనిపించాయి. మూడో నెలకు అవి కలిశాయి కానీ చుట్టూ ఉన్న రంగు కంటే నల్లగా, ఎవరైనా చూస్తే అడిగేంతగా. అది సర్దుకోవడానికి మరో అయిదారు నెలలు పట్టింది. ఇప్పుడు దవడ కింద ఎక్కడుండేదో నేను చూపిస్తే తప్ప తెలియదు. చీలమండ మీద మాత్రం అక్కడక్కడా ద్వీపాల్లా వచ్చి ఆగిపోయింది. ఎముక మీద చర్మం, కీళ్లు, వేళ్ల చివర్లు మొండి చోట్లని ముందే చెప్పారు.

ఇక పద్ధతుల విషయం. చిన్న మచ్చకు పంచ్ గ్రాఫ్టింగ్ చవక, పెద్ద ల్యాబ్ ఏర్పాట్లు అక్కర్లేదు, కానీ ముక్కలు ఉబ్బెత్తుగా మిగలొచ్చు. నా పిక్క మీద ఇప్పటికీ చెయ్యి పెడితే గింజలు తగిలినట్టు ఉంటుంది. అందుకే ముఖానికి నేనైతే వద్దంటాను. పెదవి, కనురెప్ప లాంటి చిన్న చోట్లకు సక్షన్ బ్లిస్టర్ చేస్తారు. గాలి లాగి పొక్కు లేపి, ఆ పొక్కు పైపొరను అతికిస్తారు. రంగు బాగా కలుస్తుంది, తీసిన చోట మచ్చ దాదాపు ఉండదు, కానీ పొక్కు లేవడానికే రెండు మూడు గంటలు పట్టొచ్చు. పల్చటి చర్మం తీసి నేరుగా అతికించే గ్రాఫ్ట్ కూడా ఉంది, రంగు త్వరగా వస్తుంది, అంచులు మాత్రం తేడాగా కనపడొచ్చు. మచ్చ పెద్దదైతే కణాల మార్పిడే నయం. ఒంటికి ఒకవైపే పట్టీలా వచ్చే బొల్లి అయితే వీటిలో ఏది చేసినా సాధారణంగా ఫలితం బాగుంటుంది, అది త్వరగా ఆగిపోయే రకం. దెబ్బ మానినచోట కండ ఉబ్బే కీలాయిడ్ స్వభావం ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి.

డబ్బు విషయం ఒక మాట. నా ఇన్సూరెన్స్ వాళ్లు కాస్మెటిక్ అని తిప్పి పంపారు. ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

పెళ్లి ముహూర్తం చూసుకుని మాత్రం సర్జరీ చేయించొద్దండీ. రంగు సర్దుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, మధ్యలో కొన్నాళ్లు మచ్చ ఇంకా ఎక్కువగా కనపడుతుంది. పైగా టెన్షన్‌లో ఉన్న అమ్మాయి వారం రోజులు కదలకుండా ఉండలేదు. ఇది అంటుకునేది కాదు, కుష్టు కాదు, అబ్బాయి వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పండి. నా భర్తకు మొదటి రోజే చెప్పాను, తొడ మీద చుక్కలతో సహా.

మచ్చలు ఎక్కడున్నాయో మీరు రాయలేదు. ముఖమా, చేతి వేళ్లా, ఒకవైపేనా, వాటి మీద వెంట్రుకలు తెల్లబడ్డాయా? చెల్లాయి నడుము దగ్గర చూసుకున్నాక ఇవి కూడా రాయండి, నాకు తెలిసినంత చెప్తాను.