నీళ్ళలో పిస్టల్ పేలుతుందా? పేలుతుంది, కానీ...

సినిమాలో హీరో కాలువలో మునిగి, అడుగునుంచే పిస్టల్ పేల్చి గట్టు మీదున్న విలన్‌ని పడగొడతాడు కదా, నిజంగా అవుతుందా అని అడిగారు. పేలడం వరకూ నిజమే. పడగొట్టడం దగ్గరే కథంతా.

తూటాలో మందు మండటానికి బయటి గాలి అక్కర్లేదు, కావలసిన ఆక్సిజన్ ఆ మందులోనే ఉంటుంది, పైగా క్యాప్ (తూటా అడుగున ఉండి, దెబ్బ తగిలితే పేలి మందు అంటించేది), బుల్లెట్ రెండూ బిగుతుగా కూర్చుంటాయి కాబట్టి నీళ్ళు అంత తొందరగా లోపలికి పోవు. నేను పోలీసు ఆయుధాల గదిలో చేసి రిటైరయ్యాను. పుష్కరాల బందోబస్తులో ఒక ఎస్సైగారు రేవులో పడవ ఎక్కుతుంటే ఆయన నైన్ ఎంఎం పిస్టల్ జారి గోదాట్లో పడింది. ఈతగాళ్ళు మర్నాటికి తీశారు. మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బీ) ఊడదీస్తే నీళ్ళకంటే ఒండ్రే ఎక్కువ కారింది, స్లయిడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) లాగితే ఇసుక కరకరమంది. ఆ తూటాల్నే తుడిచి రేంజిలో వేరే పిస్టల్‌తో కాలిస్తే మాత్రం ఒక్కటీ తుస్సుమనలేదు.

అసలు తంటా రెండో రౌండ్‌తో. క్యాప్‌ని కొట్టే ఫైరింగ్ పిన్ దారిలో నీళ్ళు నిండితే దెబ్బ మెత్తబడి క్యాప్ పేలకపోవచ్చు. మొదటిది పేలినా స్లయిడ్ నీళ్ళని తోసుకుంటూ వెనక్కి రావాలి, సగంలో ఆగితే పేలిన తూటా ఖాళీ గొట్టం (కేసు) అక్కడే ఇరుక్కుంటుంది. రివాల్వర్‌కి ఆ గొడవ లేదు, దాని తూటాల చక్రం వేలి బలంతో తిరుగుతుంది.

ఇక బుల్లెట్. నీళ్ళు గాలికంటే దాదాపు 800 రెట్లు సాంద్రం. సెకనుకు 350 మీటర్ల వేగంతో బయల్దేరినా రెండు మూడు మీటర్లు పోయేసరికి సత్తువంతా అయిపోతుంది. 2016లో ఆండ్రియాస్ వాల్ అనే నార్వే శాస్త్రవేత్త ఈతకొలనులో దిగి, ఎదురుగా రైఫిల్ పెట్టి తన మీదికే పేల్చుకున్నాడు, బుల్లెట్ ఆయన్ని చేరకుండానే అడుక్కి పోయింది (ఆయన ధైర్యానికో దండం, మీరు చెయ్యకండి). అందుకే సోవియట్ నేవీ వాళ్ళు ఎస్‌పీపీ-1 అని వేరే పిస్టల్ చేసుకున్నారు, నాలుగు బ్యారెళ్ళు, బుల్లెట్ల బదులు సన్నటి పొడవాటి స్టీలు మేకులు.

హీరోకి ముందు పోయేది చెవులే. కాలువలో మునిగి రెండు రాళ్ళు కొట్టుకున్నవాళ్ళకి ఆ చప్పుడు ఎలా దూసుకొస్తుందో తెలుసు.

నీళ్ళలో పడ్డ తుపాకీని తీసిన వెంటనే పేల్చకండి. బ్యారెల్‌లో నీళ్ళో బురదో నిలిస్తే ఉబ్బొచ్చు, పగలొచ్చు. మూతి కిందికి వంచి నీళ్ళు కార్చి, రౌండ్లు తీసేసి, ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసే మనిషి) చేతికివ్వండి.