అద్దెకుంటున్న ఇల్లే కొనమంటున్నారు, కొనాలా?

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరు విజయనగర్‌లో చాలా ఏళ్ళుగా ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాం. 40×60 సైటులో 1996లో కట్టిన బిల్డింగు. గ్రౌండ్ ఫ్లోరు, దాని మీద మూడంతస్తులు, మొత్తం ఎనిమిది ఇళ్ళు. మాది పైన మూడో అంతస్తు, 900 అడుగులు. అద్దె 22 వేలు. ఓనరుగారు పోయిన ఏడాది కాలం చేశారు. వాళ్ళబ్బాయిలిద్దరూ ఇప్పుడు ఇళ్ళను విడివిడిగా అమ్మేస్తున్నారు. మా ఇల్లు 72 లక్షలకు మాకే ఇస్తామంటున్నారు. రెరా (ఇళ్ళ ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ అవసరం లేదని, ఖాతా (నగరపాలక సంస్థలో ఉండే ఆస్తి రికార్డు) తర్వాత విడదీయిస్తామని, ముందు 10 లక్షలు అడ్వాన్సు, అందులో సగం నగదుగా ఇవ్వమని బ్రోకరు చెబుతున్నారు. ప్లాను కాపీలో గ్రౌండు, పైన రెండంతస్తులే ఉన్నాయి. అడిగితే అది మామూలే అన్నారు. మా వీధిలో సైటు అడుగు 12 వేలు పలుకుతోంది. మాకు 14 లక్షల ఎఫ్‌డీలు, 9 లక్షల పీఎఫ్ ఉన్నాయి. ఇద్దరి జీతాలూ కలిపి చేతికొచ్చేది లక్షా పదిహేను వేలు. ఇలాంటప్పుడు అద్దెకున్నవాళ్ళకే మొదటి హక్కని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న మా బావమరిది అంటున్నాడు. నిజమేనా? కొనకపోతే ఖాళీ చేయిస్తారా?

జవాబు: అడ్వాన్సు ఇవ్వకండి, టోకెన్‌గా కూడా. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసిన మాట ఒక్కటే. ప్లానులో రెండంతస్తులున్నాయి, మీరుంటున్నది మూడో అంతస్తు. అంటే మీరు కొనబోయే ఇల్లు మంజూరైన ప్లానులో లేనే లేదు. 1996 నాటి చిన్న బిల్డింగుల్లో చాలావాటికి ఓసీ (ప్లాను ప్రకారం కట్టారని, నివాసం ఉండొచ్చని ఇచ్చే ధ్రువపత్రం) ఉండదు. అది బెంగళూరులో అందరికీ తెలిసిన సంగతే. కానీ ఓసీ లేని ఇల్లు వేరు, ప్లానులోనే లేని ఇల్లు వేరు. ఇలాంటి కట్టడాలను జరిమానాతో సక్రమం చేస్తామన్న అక్రమ-సక్రమ పథకం మీద సుప్రీంకోర్టు 2017లోనే స్టే ఇచ్చింది. అది వస్తుందన్న ఆశతో ఎవరైనా ధర చెబితే ఆ ఆశకు మీరు డబ్బు కట్టొద్దు.

ఇక మీరు అడగని, కానీ అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ఒకే యజమాని అద్దెల కోసం కట్టించుకున్న బిల్డింగు చట్టం దృష్టిలో ఒకే ఆస్తి. దాన్ని ఎనిమిది ఆస్తులు చేయాలంటే కర్ణాటక అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం, 1972 కింద యజమానులందరూ కలిసి డీడ్ ఆఫ్ డిక్లరేషన్ రాసి రిజిస్టరు చేయించాలి. భూమి ఎంత, బిల్డింగులో ఎన్ని అంతస్తులు, ఒక్కో ఇంటి విస్తీర్ణం ఎంత, ఉమ్మడి స్థలాలేవి, భూమిలో ఒక్కో ఇంటికి అవిభాజ్యంగా ఎంత శాతం వాటా అన్నది అందులో ఉంటుంది. ఒకసారి రాసుకున్న ఆ శాతాన్ని ఫ్లాటు యజమానులందరూ ఒప్పుకుంటే తప్ప మార్చడానికి లేదు. ఇప్పుడు ఆలోచించండి. ప్లాను ప్రకారం ఆరు ఇళ్ళకే డిక్లరేషన్ రాస్తే మీకు భూమిలో వాటా ఉండదు. ఎనిమిదింటికీ రాస్తే ఆ కాగితం ప్లానుతో సరిపోదు. రేపు బిల్డింగు పాతబడి పడగొట్టి కట్టాల్సి వచ్చిన రోజున మీ చేతిలో మిగిలేది ఆ భూమి వాటా ఒక్కటే. టెర్రస్ ఎవరిదో కూడా అందులోనే చూడాలి. ఓనర్లు తమ దగ్గరే ఉంచుకుంటే పైన ఇంకేం కడతారో మీ చేతిలో ఉండదు.

రెరా విషయంలో బ్రోకరు చెప్పింది నిజమే. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఇళ్ళు ఎనిమిది దాటకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీ సైటు దాదాపు 223 చదరపు మీటర్లు. దానర్థం మీకు ఒక కాపలాదారు తక్కువని. ఖాతా గురించి చెప్పింది మాత్రం కుదరదు. 2024 అక్టోబరు నుంచి బెంగళూరులో ఈ-ఖాతా, అంటే ఆన్‌లైన్ ఖాతా, లేనిదే రిజిస్ట్రేషన్ జరగదు. నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి అయిదు కార్పొరేషన్లు వచ్చినా ఆ నియమం అలాగే ఉంది. మీ ఇంటికి విడిగా ఈ-ఖాతా రావాలి, అదీ నియమాల ప్రకారం ఉన్న ఆస్తులకిచ్చే ‘ఏ’ ఖాతానా, లేనివాటికిచ్చే ‘బి’ ఖాతానా తేలాలి, ఆ తర్వాతే మిగతా మాట. ఇంటికి విడి మీటరుంది, బెస్కాం బిల్లు వస్తోంది అని చూపిస్తే నమ్మకండి. కరెంటు బిల్లు యాజమాన్య పత్రం కాదు.

ఇంకొకటి. అబ్బాయిలిద్దరూ అమ్ముతున్నారని రాశారు. ఓనరుగారి భార్య ఉన్నారా? కూతుళ్ళున్నారా? ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ కూతుళ్ళకూ కొడుకులతో సమానంగా వాటా వస్తుంది. వంశవృక్షం, మదర్ డీడ్ (ఆస్తి మూలపత్రం), రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీసుకుని లాయరుకు చూపించండి. అందరి సంతకాలూ లేని అమ్మకానికి పైసా కట్టొద్దు. అయిదు లక్షల నగదు మాట వచ్చినప్పుడే మీరు లేచి రావలసింది. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. పైగా బేరం చెడితే ఆ డబ్బు ఇచ్చినట్టు మీరు రుజువు చేయలేరు.

ఇప్పుడు ధర. 2,400 అడుగుల సైటును ఎనిమిది ఇళ్ళకు సమానంగా పంచితే మీ వాటా 300 అడుగులు. మీరు చెప్పిన 12 వేల చొప్పున 36 లక్షలు. 72లో మిగిలిన 36 లక్షలు 900 అడుగుల పాత గోడలకు, అంటే అడుగుకు 4 వేలు. కొత్తగా కట్టడానికే కాంట్రాక్టర్లు అడుగుకు రెండువేల పైచిలుకు చెబుతున్న ఊళ్ళో ముప్ఫై ఏళ్ళ కట్టడానికి ఇది చాలా ఎక్కువ. పత్రాలన్నీ సక్రమంగా ఉన్నా సరే, నేనైతే ఈ ఇంటికి 55 లక్షలు దాటను. ఇప్పుడున్న స్థితిలో అసలు ధరే చెప్పను.

72 లక్షలకే కొంటే మీ ఇల్లు ఎలా నడుస్తుందో చూడండి. ఈ స్థాయి రుణంలో రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం బ్యాంకు ఇచ్చేది విలువలో 80 శాతం వరకే, అంటే 57.6 లక్షలు. మిగతా 14.4 లక్షలు మీవి. స్టాంపు డ్యూటీ, సెస్సు, సర్‌చార్జి కలిపి 5.6 శాతం. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు ఆఖరు నుంచి 2 శాతమైంది. ఆ రెండూ కలిసి 5.47 లక్షలు, వీటిని బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. మొత్తం దాదాపు 20 లక్షలు చేతి నుంచి పోతాయి. ఎఫ్‌డీలన్నీ విరిచి, పీఎఫ్‌లో చాలావరకు తీసేస్తే మీ దగ్గర మిగిలేది మూడు లక్షలు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళయితే నెలకు 50 వేల ఈఎంఐ. ఇప్పుడు అదే ఇంట్లో 22 వేలకే ఉంటున్నారు. అద్దె మీకు భారం కాదు. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం ఆగితే మాత్రం ఆ ఈఎంఐ భరించలేని భారమవుతుంది. పైగా ఇలాంటి పత్రాలకు పెద్ద బ్యాంకులు ముందుకు రావడం కష్టం. ఎక్కువ వడ్డీకి ఇచ్చే ఫైనాన్స్ కంపెనీ పేరు బ్రోకరే చెబుతారు. అక్కడ సంతకం పెట్టకండి.

ఎప్పుడైనా, ఏ ఇల్లు కొన్నా గుర్తుంచుకోవలసిన సంగతి: ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (పన్ను) పట్టుకుని మీరే ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాళ్ళలో ఒకరు విదేశాల్లో స్థిరపడి ఉంటే ఆయన వాటా మీద ఆ ఒక్క శాతం సరిపోదు, ఇంకా ఎక్కువ పట్టాలి. పట్టకపోతే ఆదాయపు పన్ను శాఖ అడిగేది మిమ్మల్నే.

మీ బావమరిది చెప్పింది వాళ్ళ ఊరి సంగతి, అక్కడది నిజమే. శాన్‌ఫ్రాన్సిస్కోలో అద్దె బిల్డింగును విడి ఫ్లాట్లుగా మార్చడాన్ని నగరమే కట్టడి చేస్తుంది. ఆరు ఇళ్ళు దాటిన బిల్డింగులకు అనుమతి లేదు. చాలా ఏళ్ళు ఏటా 200 ఇళ్ళకే లాటరీ తీసి అవకాశమిచ్చేవారు, 2013లో దాన్నీ ఆపేశారు. అద్దెదారుకు కొనే అవకాశం, పెద్దవయసువాళ్ళకు జీవితకాలం ఉండే హక్కు ఆ నియమాల్లో ఉన్నాయి. అద్దెకున్నవాళ్ళ గూడు గురించి ఒక నగరం అంత పట్టించుకోవడం నాకు గొప్పగా అనిపిస్తుంది. మనకు అలాంటిది లేదు. కర్ణాటక అద్దె చట్టం, 1999 రక్షణ బెంగళూరులో నెలకు 3,500 దాటని అద్దెలకే. మీ 22 వేల అద్దెకు మీ ఒప్పందం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే దిక్కు.

అలాగని రేపే సామాన్లు సర్దుకోనక్కర్లేదు. ఇల్లు ఎవరికి అమ్మినా మీ అద్దె ఒప్పందం గడువు వరకు కొన్నవారినీ కట్టేస్తుంది. గడువు దాటి నెలనెలా ఉంటుంటే కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. మీ ఒప్పందంలో అంతకన్నా ఎక్కువ రాసుకుని ఉంటే అదే వర్తిస్తుంది. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ డిపాజిట్. ఈ ఊరి అలవాటు ప్రకారం పది నెలల అద్దె ఇచ్చి ఉంటారు, అంటే 2.2 లక్షలు. అది పోయిన ఓనరుగారి చేతికి వెళ్ళింది. ఆ బాకీ తమదేనని వారసులందరి చేతా ఒక కాగితం రాయించుకుని సంతకాలు తీసుకోండి. కొత్త ఒప్పందం వాళ్ళ పేర్ల మీద రాయించి, ఇల్లు అమ్మితే డిపాజిట్ బాధ్యత కొన్నవారికి బదిలీ అవుతుందని అందులో చేర్చండి. ఆ అబ్బాయిలతో మంచిగా ఉన్నప్పుడే, అంటే మీరు కొనడం లేదని చెప్పకముందే, ఈ పని పూర్తిచేసుకోండి.