వాడిన థార్ కొనేటప్పుడు ముందు బండి కిందికి దూరి చూడండి

మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇది: ఉండేది హైదరాబాద్‌లో, కర్నూలు జిల్లాలో నల్లరేగడి చేలున్నాయి, వానాకాలంలో డొంక దారిన మామూలు కారు చేను దాకా పోదు. చిన్నప్పటి నుంచి జీపు మీద మనసు. ఇంట్లో మీరిద్దరూ, ఒక బాబు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారు. నాలుగైదేళ్ళు వాడిన మహీంద్రా థార్ జీపు తీసుకోవచ్చా, తీసుకుంటే ఏమేమి చూడాలి అని.

తీసుకోవచ్చు. నేను 2021 మోడల్ డీజిల్ ఫోర్ బై ఫోర్‌ను, అంటే నాలుగు చక్రాలకూ శక్తి అందే బండిని, రెండో యజమానిగా కొని నడుపుతున్నాను. మా పొలమూ రేగడే. ఆ తర్వాత బంధువులు, స్నేహితులు కొనబోయే బండ్లను కూడా వెంట వెళ్ళి చూస్తూ వచ్చాను. ఈ రకం బండిలో ఒకే ఏడాది తయారై, మీటరు మీద ఒకే కిలోమీటర్లు చూపించే రెండింటి మధ్య తేడా, వేరే ఏ కారులోనూ లేనంత ఉంటుంది. ఒకటి గచ్చిబౌలి ఆఫీసుకు వెళ్ళి వచ్చి ఉంటుంది, ఇంకొకటి ప్రతి సెలవు రోజూ వాగుల్లో, రాళ్ళమీద నలిగి ఉంటుంది. కడిగి మెరుగు పెట్టాక పైనుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేది కింద.

అంతకన్నా ముందు ఏ థార్ అన్నది తేల్చుకోండి. 1940ల చివర్లో మహీంద్రా వారు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడంతో మొదలైన వంశం ఇది. మన ఊళ్ళలో జనాన్ని మోసిన కమాండర్ జీపులూ ఆ కుటుంబానివే. గుండ్రటి దీపాలు, నిటారు అద్దం, బయటికి పొడుచుకొచ్చిన మడ్‌గార్డులు అన్నీ అక్కడినుంచి వచ్చినవే. కానీ థార్ అన్న పేరుతో రెండు వేర్వేరు బండ్లున్నాయి. 2010లో వచ్చినది మొదటిది: 2.5 లీటర్ల సీఆర్‌డీఈ అనే డీజిల్ ఇంజను, 105 హార్స్‌పవర్, వెనక కమాను పట్టీలు, ఎయిర్‌బ్యాగులు లేవు. 2020 అక్టోబరు 2న వచ్చినది పూర్తిగా కొత్త బండి: 2.2 లీటర్ల డీజిల్ 130 హార్స్‌పవర్, 2 లీటర్ల టర్బో పెట్రోలు 150, నాలుగు చక్రాలకూ కాయిల్ స్ప్రింగులు, ముందు రెండు ఎయిర్‌బ్యాగులు. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ 2020లో బండిని ఢీకొట్టించి చేసిన పరీక్షలో పెద్దల రక్షణకూ, పిల్లల రక్షణకూ నాలుగేసి నక్షత్రాలు వచ్చాయి.

పాత సీఆర్‌డీఈ అంటే నాకు చాలా ఇష్టం, ఊళ్ళోని మెకానిక్ కూడా విప్పి బిగించగలడు. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లకు ఢిల్లీలో పెట్టిన ఆంక్షల వల్ల అక్కడినుంచి అవి చవకగా కూడా వచ్చేవి. అయినా చిన్న బాబును ఎక్కించుకుని జాతీయ రహదారి మీద అంతదూరం వెళ్ళి వచ్చేవారికి ఎయిర్‌బ్యాగులు లేని బండి నేను చెప్పను. ఇందులో మొహమాటం లేదు. మీరు 2020 తర్వాతివే చూడండి.

ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటుంది. 2023 జనవరి నుంచి వెనక చక్రాలకు మాత్రమే శక్తి అందే థార్ కూడా అమ్మకంలోకి వచ్చింది. చూడడానికి అదీ ఇదీ ఒకటే. దళారులు తెలిసో తెలియకో దాన్నీ ఫోర్ బై ఫోర్ అనేస్తారు. వెనక అంటించిన అక్షరాలను నమ్మకండి, అవి బయట దొరుకుతాయి. లోపల గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉండాలి. దానిమీద టూ హెచ్ (వెనక చక్రాలకే శక్తి), ఫోర్ హెచ్ (నాలుగింటికీ శక్తి), న్యూట్రల్, ఫోర్ ఎల్ (నాలుగింటికీ, తక్కువ వేగంలో ఎక్కువ బలం) అని నాలుగు స్థానాలుంటాయి. అది లేకపోతే ఆ బండి మీ రేగడికి పనికిరాదు. ఆర్‌సీలో వేరియంట్ పేరు కూడా సరిచూసుకోండి.

ఇక కిందికి. సర్వీసింగ్ చేసే చోట ర్యాంపు ఎక్కించమనండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే అక్కడికక్కడే వెనక్కి వచ్చేయండి. నీళ్ళతో కడగకముందే చూడాలి, ఎందుకంటే ఎండిన బురదే మీకు సగం కథ చెబుతుంది. ఛాసిస్ రెండు దూలాల వెంట చివరిదాకా టార్చి వేయండి. వెల్డింగ్ చేసిన గుర్తులు, ఒకచోట మాత్రమే కొత్తగా కొట్టిన నల్ల రంగు, ముందు లోయర్ ఆర్ముల మీద రాయి తగిలిన సొట్టలు, వెనక యాక్సిల్ మధ్య ఉండే గుండ్రటి హౌసింగు మీద గీతలు వెతకండి. చిన్న గీతలుంటే భయం లేదు, పనిచేసే బండికి అవి సహజం. వంగినది, అతికించినది ఏదైనా ఉంటే వదిలేయండి. ఆకుపచ్చ, తెలుపు పొడిలాంటి తుప్పు, నట్లు ఉబ్బిపోవడం కనిపిస్తే ఆ బండి సముద్రపు నీటిలో దిగి ఉంటుంది. సూర్యలంక, మంగినపూడి లాంటి తీరాల్లో ఇసుక మీద నడిపి, అలల్లో తిప్పి, ఉప్పు కడగకుండా ఇంటికి తెచ్చేవారు ఉన్నారు.

నీట మునిగిన బండి విషయం మరింత జాగ్రత్తగా చూడాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని వాహనాలు మునిగాయో మీకు తెలుసు. మామూలు కారులో తివాచీ ఎత్తి, కింద మట్టి ఉందా అని చూస్తారు. థార్‌లో ఆ పరీక్ష పనిచేయదు. చాలా థార్లలో నేలను కడుక్కోవడానికి వీలుగా నీళ్ళు పోయే బిరడాలు పెట్టారు, కాబట్టి నేల ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. మీరు చూడవలసింది వేరేచోట. సీటు బెల్టును చివరిదాకా లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి మూరలో బురద చార ఉంటే ఇంకేమీ అడగనక్కరలేదు. విజయవాడలోనే నేను చూసిన ఒక బండికి కొత్త సీటు కవర్లు, లోపలంతా అత్తరు వాసన, ధర కూడా ఊరించేలా ఉంది. బెల్టు లాగితే చివర గోధుమ రంగు గీత సూటిగా ఉంది. ఫ్యూజు పెట్టె మూత తీసి పిన్నులు చూడండి, సీటు కింది కనెక్టర్లు చూడండి.

దానితోపాటు ముందు, వెనక డిఫరెన్షియళ్ళ (యాక్సిల్ మధ్య ఉండే గేర్ల పెట్టెల) ఆయిల్ బోల్టు తీయించి కాస్త నూనె చూపించమనండి. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే లోపలికి నీరు చేరినట్టే. కంపెనీ చెప్పే లెక్క ప్రకారం ఈ బండి 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో దిగగలదు. ఆ మాట పట్టుకుని అంతకు మించి దించిన బండ్లలో ఈ రంగు కనిపిస్తుంది. మెకానిక్‌కు పది నిమిషాల పని, కానీ అడిగేవారు తక్కువ.

తర్వాత ఫోర్ బై ఫోర్ పరీక్ష. దీన్ని ఎండిన తారు రోడ్డు మీద చేయకూడదు, అమ్మేవారు చేసి చూపిస్తానన్నా ఆపండి. ఈ బండిలో ముందు, వెనక యాక్సిళ్ళ మధ్య తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు. ఫోర్ హెచ్‌లో వేసి తారు మీద తిప్పితే చక్రాలు జారడానికి వీలులేక గేర్లన్నీ మెలిపడతాయి. మట్టి నేల మీదికి తీసుకెళ్ళండి. బండిని పూర్తిగా ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఫోర్ ఎల్‌లో వేయండి. ఎంతో కాలంగా వాడని బండిలో ఆ రాడ్డు బిగుసుకుపోయి ఉంటుంది. ఒకటి రెండుసార్లు ముందుకూ వెనక్కూ కదిపితే పడితే పరవాలేదు, అసలు పడకపోయినా, మీటరులో ఫోర్ బై ఫోర్ దీపం ఆగకుండా మిణుకుతున్నా ఖర్చు పెద్దదే. ఫోర్ ఎల్‌లో మొదటి గేరులో బ్రేకు మీద కాలు లేకుండా గట్టు దిగితే బండి తనంతట తాను నెమ్మదిగా దిగాలి. స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పి మెల్లగా నడిపినప్పుడు టక్ టక్ మంటే ముందు యాక్సిల్ జాయింట్లు పోయినట్టు. కొన్ని వేరియంట్లలో వెనక లాక్ అయ్యే డిఫరెన్షియల్ ఉంటుంది. ఒక చక్రం గాలిలో తిరిగినప్పుడు అది టప్ మని పట్టుకుంటుంది, ఆ శబ్దానికి కంగారు పడకండి. క్లచ్‌కు వేరే పరీక్ష: ఎత్తు మీద మూడో గేరులో గట్టిగా తొక్కండి. ఇంజను అరుస్తూ వేగం పెరగకపోతే బురదలో ఎవరో క్లచ్‌ను కాల్చేశారు.

మార్పులు చేసిన బండి గురించి నా అభిప్రాయం గట్టిది. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండికి పాతిక ముప్పై వేలు ఎక్కువైనా ఇవ్వండి, పెద్ద చక్రాలు, ఎత్తు పెంచే కిట్టు, ఇనుప బంపరు ఉన్నదాన్ని తక్కువకు ఇచ్చినా తీసుకోకండి. 18 అంగుళాల చక్రాలున్న వేరియంట్లలో అసలు టైరు 255/65 ఆర్18, అంటే దాదాపు 31 అంగుళాల ఎత్తు. దాని స్థానంలో 33 అంగుళాలది వేస్తే చక్రం ఒక చుట్టులో ఆరు శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత లెక్కే రాస్తుంది. 40,000 అని చూపించే బండి నిజానికి 42,500 తిరిగి ఉంటుంది. ఆ బరువు బేరింగులు, స్టీరింగు ఎండ్లు, బ్రేకులు మోయాలి. ఇనుప బుల్‌గార్డులను కేంద్రం 2017 డిసెంబరులోనే తీసేయించమంది. అవి ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగు సెన్సర్లకు దెబ్బ సరిగా అందకుండా అడ్డుపడతాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. రేపు ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కుపడేది అప్పటి యజమాని కాదు, మీరు.

వెనక తలుపుకు వేలాడే స్టెప్నీని పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. పెద్ద చక్రం మోసిన తలుపు కీళ్ళు వాలిపోయి, మూసినప్పుడు ఆనకుండా లొడలొడమంటాయి. స్టెప్నీ కూడా మిగతా నాలుగు చక్రాల సైజే ఉండాలి. సాఫ్ట్ టాప్ బండికి తర్వాత బయట గట్టి కప్పు వేయించి ఉంటే వానకు కారడం మామూలు. కింద అంతా చూడడం అయ్యాక అదే సర్వీసింగ్ సెంటరులో పైపుతో పైనుంచి నీళ్ళు కొట్టించండి, మీరు లోపల కూర్చోండి.

ఇంజన్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, రెండూ దిట్టమైనవే. మీ వాడకానికి డీజిల్ మేలు. కాకపోతే ఎప్పుడూ ఊళ్ళోనే రెండు మూడు కిలోమీటర్లు తిరిగిన బీఎస్6 డీజిల్‌కు పొగ వడపోసే డీపీఎఫ్ మూసుకుపోయే అవకాశముంది, ఆ దీపం వెలుగుతోందేమో చూసుకోండి. 2020 సెప్టెంబరు 7 నుంచి డిసెంబరు 25 మధ్య తయారైన 1,577 డీజిల్ థార్లకు కామ్‌షాఫ్ట్ మార్చడానికి కంపెనీయే వెనక్కి పిలిచింది. ఆ నెలల బండి అయితే ఛాసిస్ నంబరు ఇచ్చి ఆ పని పూర్తయిందో లేదో సర్వీస్ సెంటరులో అడగండి, పాత సర్వీసు చరిత్ర కూడా అప్పుడే చదివించుకోండి.

బేరం ఆడేముందు కొత్త బండి ధర తెలుసుకుని వెళ్ళండి. 2024 ఆగస్టు 15న అయిదు తలుపుల థార్ రాక్స్ వచ్చింది, 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారి కొత్త థార్ ధరే తగ్గింది. పాత బండ్లవారు చాలామంది ఇంకా పన్ను తగ్గకముందు ధరలనే మనసులో పెట్టుకుని చెబుతున్నారు. అప్పుడు వారు ఎంత పెట్టి కొన్నారన్నది మీకు అనవసరం.

కాగితాల్లో బండి మీ పేరుకు మారడానికి ఫారం 29, 30 మీద సంతకాలు, బండి మీద అప్పు ఉంటే అది తీరినట్టు బ్యాంకు నుంచి ఫారం 35, పక్క రాష్ట్రపు బండి అయితే ఫారం 28తో ఎన్‌ఓసీ. వేరే రాష్ట్రం నుంచి తెస్తే తెలంగాణలో మళ్ళీ జీవితకాల పన్ను కట్టాలి, ఆ మొత్తం కలుపుకుంటే చవక అనుకున్నది చవక కాకపోవచ్చు. బీమాను మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోపు అడగాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. పెండింగు చలానాలు వారిచేతే కట్టించండి, ఫాస్టాగ్ మూయించండి.

మీ చేల గురించి నిజం చెప్పాలి. తడిసిన రేగడి ఏ ఫోర్ బై ఫోర్‌కైనా కష్టమే. బంక మట్టి టైరు గాడులన్నీ పూడ్చేశాక చక్రం నున్నటి డ్రమ్ములా తిరుగుతుంది. టైర్లలో గాలి 20 పీఎస్‌ఐ దాకా తగ్గించి, ఫోర్ ఎల్‌లో రెండో గేరు వేసి, ఆగకుండా ఒకే వేగంతో పోతే డొంక దాటవచ్చు. నేను అలాగే వెళ్తాను. జోరువాన పడిన మర్నాడు మాత్రం ట్రాక్టరుకే వదిలేస్తాను. గాలి తిరిగి నింపే చిన్న కంప్రెసర్, లాగే తాడు బండిలోనే ఉంచుకోండి.

చివరిది అమ్మగారి సంగతి. మూడు తలుపుల థార్‌లో వెనక్కి వెళ్ళాలంటే ముందు సీటు వంచి, ఎత్తు ఎక్కి, పక్కకు తిరిగి దూరాలి. మా అమ్మ ముందు సీటులో హాయిగా కూర్చుంటుంది, వెనక ఎక్కమంటే రానంటుంది. పైగా వెనక ఇద్దరు కూర్చుంటే సామానుకు చోటు ఉండదు. నచ్చిన బండి దొరికాక, అడ్వాన్సు చేతిలో పెట్టకముందే అమ్మగారిని తీసుకెళ్ళి ఆవిడ ముందు, మీ ఆవిడ, బాబు వెనక కూర్చుని అరగంట తిరిగి రండి. ఆ అమరిక మీ ఇంట్లో కుదరదనిపిస్తే కొంచెం ఆగి, డబ్బు పోగేసి, వాడిన రాక్స్ డీజిల్ ఫోర్ బై ఫోర్ చూడండి. నేను పైన చెప్పిన పరీక్షల్లో చాలావరకు దానికీ పనికొస్తాయి.