బెర్త్ ముందా, పర్మిట్ ముందా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నగర హార్బర్‌లో టూరిస్టుల్ని తిప్పే పాత బోటు ఒకటి అమ్మకానికి వచ్చింది. పొడవు 16 మీటర్లు, నలభై మందికి పర్మిట్ ఉంది. బోటు కొంటే బెర్త్ (హార్బర్‌లో బోటు కట్టుకునే చోటు), పర్మిట్లు అన్నీ మీ పేరు మీదకి వచ్చేస్తాయని ఓనరు అంటున్నాడు, అడ్వాన్స్ కోసం తొందరపెడుతున్నాడు. ఇచ్చేయొచ్చా?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. బోటు ఆయనది కాబట్టి అమ్ముకోవచ్చు, బెర్త్ మాత్రం ఆయనది కాదు. చాలా హార్బర్లలో బెర్త్ అంటే ఫలానా మనిషికి, ఫలానా బోటుకి, ఫలానా పనికోసం, ఫలానా గడువు వరకు ఇచ్చిన అనుమతి, అంతే. వీటిలో ఏ ఒక్కటి మారినా కొత్తగా అప్లై చేసుకోవాల్సిందే, అప్పటికే వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లు మీకంటే ముందుంటారు. ఓనరు మిమ్మల్ని మోసం చేస్తున్నాడని కాదు. ఏళ్ల తరబడి ఒకే చోట బోటు కట్టుకున్నవాళ్లకి ఆ చోటు సొంతమే అనిపిస్తుంది, అది మనిషి స్వభావం. కొందరు ‘బోటు, బెర్త్ రెండూ కంపెనీ పేరునే ఉన్నాయి, కంపెనీనే కొనేయండి’ అంటారు. బెర్త్ ఒప్పందంలో యాజమాన్యం మారితే తెలియజేయాలి, అనుమతి తీసుకోవాలి అన్న షరతు ఉందేమో ముందు చదవండి, పైగా కంపెనీతో పాటు దాని అప్పులూ మీకే వస్తాయి.

అప్పులంటే గుర్తొచ్చింది, హార్బర్ బకాయిలు. చాలా దేశాల చట్టాల్లో రేవు రుసుముల బకాయి బోటు మీదే ఉంటుంది, ఓనరు మారాడని అది మాఫీ కాదు. నౌకల మీద హక్కుల గురించి 1993లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం కూడా రేవు రుసుముల్ని ఇలా నౌక మీదే ఉండే బకాయిల జాబితాలో పెట్టింది. అందుకే హార్బర్ ఆఫీసు నుంచి బకాయిల్లేవని కాగితం తెప్పించమనండి. నోటిమాట వద్దు.

ఇక అసలు చిక్కు ఏమిటంటే, పర్మిట్ ఇచ్చేవాళ్లు బెర్త్ లెటర్ ఏదీ అంటారు, బెర్త్ ఇచ్చేవాళ్లు పర్మిట్ ఏదీ అంటారు, చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు మీరు రెండు కౌంటర్ల మధ్య తిరుగుతూ ఉంటారు. దీనికి దారి ఉంది. హార్బర్ మాస్టర్ ఆఫీసులో షరతులతో కూడిన అంగీకారపత్రం అడగండి: ఈ కొలతల బోటుకి, ఈ పనికి, సర్వే (బోటు తనిఖీ), పర్మిట్లు పూర్తయితే ఫలానా చోటు ఇస్తాం అని. ఆ లెటర్ పట్టుకుని పర్మిట్‌కి వెళ్లండి. కొనుగోలు ఒప్పందంలో ‘ఫలానా తేదీలోగా నా పేరు మీద బెర్త్ రాకపోతే అడ్వాన్స్ మొత్తం వాపసు’ అని ఒక్క వాక్యం రాయించండి. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవట్లేదో మీకే అర్థమవుతుంది.

ఆ అప్లికేషన్‌లో కొలతలు జాగ్రత్త. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉండే పొడవు, బెర్త్‌కి లెక్కపెట్టే పొడవు చాలాసార్లు ఒకటి కావు. హార్బర్ వాళ్లకి కావలసింది కొసనుంచి కొసకి, అంటే ముందు బయటికి పొడుచుకొచ్చిన లంగరు, వెనక బిగించిన నిచ్చెన ప్లాట్‌ఫాం, పైకెత్తిన అవుట్‌బోర్డ్ ఇంజన్ అన్నీ కలిపి. కాగితంలో 16 మీటర్లున్న బోటు టేపు పట్టుకుంటే 17 దాటొచ్చు, అప్పుడు ఆ బెర్త్‌లో పట్టకపోవచ్చు, పట్టినా రేటు మారొచ్చు. వెడల్పు ఫెండర్లతో (రాపిడి తగలకుండా బోటు పక్కలకి వేలాడదీసే మెత్తలు) కలిపి చెప్పండి. డ్రాఫ్ట్, అంటే నీళ్లలో మునిగే లోతు, ఖాళీ బోటుది కాదు, జనం ఎక్కి ట్యాంకులు నిండాక ఉండేది. దారిలో వంతెన ఉంటే నీటిమట్టం నుంచి బోటు పైకొస వరకు ఎత్తు కూడా.

ఇంకో పని, ఆ బెర్త్‌ని ఒకసారి అమావాస్యో పౌర్ణమో దాటిన ఒకటి రెండు రోజులకి, నీళ్లు బాగా వెనక్కి తీసిన గంటలో వెళ్లి చూడండి. ఆటుపోట్ల తేడా సాధారణంగా అప్పుడే ఎక్కువ. పోటులో అందంగా కనిపించిన చోటు ఆటులో బురద తేలొచ్చు, జెట్టీ అంచు తలకంటే ఎత్తుకి పోవచ్చు, అప్పుడు మీ నలభై మంది ఏ మెట్లెక్కి దిగుతారు?

ప్రశ్న: మాది చేపల బోటు. వేట గిట్టుబాటు కావట్లేదు. పైన ఒక కప్పు వేసి, కుర్చీలు బిగించి సాయంత్రాలు షికారుకి తిప్పుదామనుకుంటున్నాం. రిజిస్ట్రేషన్ ఉంది, బెర్త్ ఉంది, సరంగుకి బోలెడు అనుభవం ఉంది. ఇంకేం కావాలి?

జవాబు: కోపం తెచ్చుకోకండి, దాదాపు అన్నీ కావాలి. మీ రిజిస్ట్రేషన్ చేపల వేటకి, మీ బెర్త్ చేపల రేవులో. జనాన్ని ఎక్కించే చోటంటే జారని నేల, చేతికి పట్టుకోడానికి కమ్మీ ఉన్న గ్యాంగ్‌వే (ఒడ్డునుంచి బోటులోకి ఎక్కే చెక్కదారి), వెలుతురు, నిలబడే జాగా, అంబులెన్స్ వచ్చే దారి చూస్తారు. ఐసు నీళ్లు కారే ప్లాట్‌ఫాం మీద అవేవీ ఉండవు కాబట్టి వేరే బెర్తే అడగాల్సి వస్తుంది. సరంగుకి అనుభవంతో పాటు ప్రయాణికుల బోటు నడిపే సర్టిఫికెట్ కావాలి.

అన్నింటికంటే పెద్ద విషయం ఆ కప్పు. చేపల బోటులో బరువంతా కింద హోల్డ్‌లో (సరుకు నింపే అడుగు గదిలో) ఉంటుంది, మనుషులు మాత్రం పైన డెక్ మీద ఉంటారు, ఫొటో తీసుకోడానికి అందరూ ఒకే వైపుకి పరిగెత్తుతారు. పెద్ద నౌకల స్థిరత్వానికి అంతర్జాతీయ సముద్ర సంస్థ 2008లో తెచ్చిన నియమావళి లెక్కలో ఒక్కో ప్రయాణికుడు 75 కిలోలు, నిలబడితే గురుత్వ కేంద్రం డెక్‌కి ఒక మీటరు పైన, అందరూ ఒక పక్కకి చేరినా బోటు 10 డిగ్రీలకి మించి ఒరగకూడదు. మీదిలాంటి చిన్న బోటుకి మీ దేశపు నియమం వర్తిస్తుంది గానీ, బోటుని తనిఖీ చేసే సర్వేయర్ ఆలోచన ఇదే దారిలో ఉంటుంది.

దీన్ని తేల్చడానికి ఒక పరీక్ష చేస్తారు. గాలి లేని పూట, కదలని నీళ్లలో, మోకులు వదులు చేసి, ట్యాంకుల్లో ద్రవం అటూ ఇటూ ఊగకుండా పూర్తిగా నింపో ఖాళీ చేసో, బరువు తెలిసిన దిమ్మెల్ని డెక్ మీద ఒక పక్కనుంచి ఇంకో పక్కకి జరుపుతారు. లోపల తాపీమేస్త్రీలు వాడే లాంటి గుండుని పొడవాటి దారానికి వేలాడదీసి, అది ఊగకుండా నూనె తొట్టిలో ముంచి, దారం స్కేలు మీద ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో రాసుకుంటారు. మీ బోటు ఎంతమందిని మోస్తుందో ఆ మిల్లీమీటర్ల లెక్కలోంచే వస్తుంది. కాబట్టి వెల్డర్ని పిలవకముందే నౌకా నిర్మాణ ఇంజనీర్‌కి డ్రాయింగ్ చూపించండి. కప్పు వేసేశాక పీకించాల్సి వస్తే డబ్బు, సీజన్ రెండూ పోతాయి.

ప్రశ్న: పన్నెండు మందిలోపు ఎక్కించుకుంటే ఏ పర్మిటూ అక్కర్లేదట, నిజమేనా?

జవాబు: నిజం కాదు. సముద్రయాన భద్రతకి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందంలో 12 మందికి మించి ప్రయాణికులుంటే అది ‘ప్రయాణికుల నౌక’. సిబ్బంది, ఏడాదిలోపు పిల్లలు లెక్కలోకి రారు. చాలా దేశాలు ఇదే గీతని సొంత చట్టాల్లోకీ తెచ్చుకున్నాయి. గీతకి ఇవతల ఉంటే నిబంధనలు తేలికవుతాయి, అంతేగానీ మాయం కావు. టికెట్టు డబ్బు తీసుకున్న నిమిషం నుంచి మీది వ్యాపారమే. సొంతానికని తీసుకున్న ఇన్సూరెన్స్ కూడా చెల్లకుండా పోవచ్చు, టెన్షన్ పడాల్సింది అక్కడ.

ప్రశ్న: పూర్తి అద్దె కడుతున్నాం. అయినా ఇంకో సరుకుల బోటుని మా బోటుకే ఆనించి కడుతున్నారు, వాళ్ల మనుషులు మా డెక్ మీదుగానే నడుస్తారు. ఆపించలేమా?

జవాబు: మీ బెర్త్ ఒప్పందం తీసి చూడండి, అవసరమైతే పక్కన రెండో బోటు కట్టించే అధికారం హార్బర్ మాస్టర్‌కి ఉంటుందన్న షరతు అందులో ఉండే అవకాశం ఎక్కువ. పూర్తిగా ఆపించడం కష్టం గానీ, అడగాల్సినవి అడగొచ్చు. బయటి బోటు మీ బోటుకి కట్టి ఊరుకోకుండా ముందూ వెనకా సొంత మోకుల్ని జెట్టీకి కట్టుకోవాలి. ఇదే ముఖ్యం, లేకపోతే ఈదురుగాలికి దాని బరువంతా మీ కట్టుకొయ్యల మీదే పడుతుంది. ఫెండర్లు వాళ్లవే ఉండాలి, నడిచేది ముందు డెక్ మీదుగానే, మీ కేబిన్ పక్కనుంచి కాదు, కదిలించడానికి ఎవరో ఒకరు ఫోన్‌కి దొరకాలి. మీ ట్రిప్పుల టైంటేబుల్ జతచేసి హార్బర్ ఆఫీసుకి లెటర్ పెట్టండి, కాపీ మీ ఇన్సూరెన్స్ వాళ్లకి. అవతలి సరంగుతో గొడవపడి లాభం లేదు, అతన్ని అక్కడ కట్టమన్నది వేరేవాళ్లు.

ప్రశ్న: పర్మిట్ రెన్యువల్‌లో చెత్త, వాడిన ఆయిల్ రసీదులు అడిగారు. చిన్న బోటుకి కూడానా?

జవాబు: అవును. సముద్ర కాలుష్యంపై ఉన్న మార్పోల్ ఒప్పందం ప్రకారం ప్లాస్టిక్ సముద్రంలో ఎక్కడా పడేయకూడదు, బోటు ఎంత చిన్నదైనా సరే. 12 మీటర్లు, అంతకుమించి పొడవుంటే చెత్త నియమాల బోర్డు పెట్టాలి, 15 మంది లేదా అంతకుమించి మనుషుల్ని మోయడానికి సర్టిఫికెట్ ఉంటే చెత్త నిర్వహణ ప్లాన్ రాతపూర్వకంగా ఉండాలి. హార్బర్‌లో వాడిన ఆయిల్ తీసుకునే చోటు ఎక్కడుందో కనుక్కుని, ఇచ్చిన ప్రతిసారీ తేదీ, లీటర్లు రాయించి రసీదు తీసుకోండి. పాతవి దొరక్కపోతే అక్కడి రిజిస్టర్‌లో మీ బోటు నంబర్ మీద ఎంట్రీలు ఉంటాయేమో అడగండి, ఉంటే నకలు ఇమ్మని అప్లై చేయండి.